ఆంటీ దగ్గర తూటా చేయడం నేర్చుకున్న ఏడాది

షూటింగ్ క్లబ్బు నోటీసు బోర్డు మీద ఒక చీటీ చూశాను. తొమ్మిది పాయింట్ మూడు మిల్లీమీటర్ల గొట్టమున్న పాత వేట రైఫిల్ అమ్మకానికి ఉంది, మంచి చేతుల్లోకి మాత్రమే ఇవ్వబడును అని గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో రాసి ఉంది. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. అవతల ఒక పెద్దావిడ గొంతు. ఆవిడ ఇంగ్లీషులో రెండు వాక్యాలు మాట్లాడేసరికి నాకు అనుమానం వచ్చింది. మూడో వాక్యం పూర్తికాకముందే అడిగేశాను.

"మీరు తెలుగువారా అండీ?"

ఆవిడ తెలుగులోకి మారారు.

"నువ్వు ఫోన్ చేసింది రైఫిల్ కోసమా, మనవాళ్ళెవరైనా ఉన్నారేమోననా?"

"రైఫిల్ కోసమేనండీ."

"అయితే శనివారం పదింటికి రా. లైసెన్సు తెచ్చుకో."

అప్పటికి మేము ఆ ఊరికి వచ్చి రెండేళ్ళు. వాంకూవర్ నుంచి ఉత్తరంగా తొమ్మిది గంటల డ్రైవ్. అక్కడి ఆసుపత్రిలో నా భార్యకి ఫార్మసిస్ట్ ఉద్యోగం వచ్చింది. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, ఎక్కడ కూర్చున్నా నడుస్తుంది. మొదటి శరదృతువులో ఆసుపత్రి మెయింటెనెన్స్ పనివాడొకాయన నన్ను మూస్ వేటకి వెంట తీసుకెళ్ళాడు. మూస్ అంటే గుర్రం కంటే ఎత్తుండే జింకజాతి జంతువు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళలో చలికాలమంతా దాని మాంసమే తింటారు. ఆ అడవి, ఆ నిశ్శబ్దం నన్ను పట్టుకున్నాయి. కోర్సు చేసి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్నాను. ఇక కావలసింది రైఫిల్.

ఆవిడ ఇల్లు నది మలుపు దగ్గర. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా, నేత చీర మీద ఉన్ని స్వెట్టరుతో తలుపు తీశారు. భర్త ఆ ఊరికి ముప్ఫై ఏళ్ళు సర్జన్‌గా పనిచేసి, నాలుగేళ్ళ క్రితం పోయారు. కూతురు టొరాంటోలో, నార్త్ యార్క్ పేటలోని అపార్ట్‌మెంట్లో ఉంటుంది. రైఫిల్ ఎవరికో ఒకరికి అమ్మేయమని ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా ఇంగ్లీషులో చెబుతూనే ఉందట. ఆవిడ మాత్రం అప్పటికే ముగ్గురిని వెనక్కి పంపారు.

కాఫీ ఇచ్చి, రైఫిల్ చూపించకుండానే ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఏం కొడతావు దీంతో?"

"మూస్ అండీ."

"ఎంత దూరం నుంచి?"

"వంద మీటర్లు. మహా అయితే నూట యాభై."

"వంద మీటర్లలో నువ్వు మూడు సార్లు కాలిస్తే ఆ మూడు గుళ్ళూ ఎంత దగ్గరగా పడతాయో ఎప్పుడైనా కొలిచావా?"

కొలవలేదని ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. ఆ ముగ్గురూ కొలిచామనే చెప్పారట.

అప్పుడు రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టారు. వాల్‌నట్ కర్ర మీద ఎవరి చెంపో ఏళ్ళ తరబడి ఆనిన చోట నునుపు తేలింది. చిన్న జింకలకి వాడే సన్న తుపాకీ కాదు, ఏనుగులకి వాడే లావుదీ కాదు. వందేళ్ళ నాటి జర్మన్ కొలత, రెంటికీ మధ్య రకం, మూస్‌కీ ఎలుగుబంటికీ సరిపోయేది. దీనికి తూటాలు ఊళ్ళో షాపులో దొరకవని, ఎప్పుడైనా ఒక పెట్టె వచ్చినా అవి ఈ గొట్టానికి పడవని ఆవిడ చెప్పారు. అప్పటికే నేను ఆవిడని ఆంటీ అనడం మొదలుపెట్టాను.

"దీని తూటాలు పాతికేళ్ళుగా నేనే చేస్తున్నాను. నీకు నేర్పుతాను. నేర్చుకుంటేనే రైఫిల్ ఇస్తాను. ఒక సమ్మర్ పడుతుంది. ఇష్టమేనా?"

ఆంటీ శాకాహారి. గుడ్డు కూడా ముట్టరు. ఆ మాట వాళ్ళ వంటగదిలో కూర్చున్న పది నిమిషాల్లోనే నాకు తెలిసింది. అలాంటి మనిషి వేట తూటాలు చేయడమేమిటని అడగాలనిపించింది గాని, కొత్తలో నోరు రాలేదు.

బేస్‌మెంట్‌లో ఒక చిన్న గది ఆవిడ పనిచోటు. ఆవిడ పల్ప్ మిల్లు ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్ళు కాగితపు గుజ్జులో తేమ ఎంత, ఆమ్లం ఎంత అని కొలిచి రిటైరయ్యారు. ఆ ల్యాబు పద్ధతంతా ఆ గదిలో ఉంది. బల్లకి బిగించిన ప్రెస్సు, ఒక త్రాసు, గోడకి క్యాలెండరు, అలమరలో వరసగా నోటు పుస్తకాలు. ఫోన్ లోపలికి తేకూడదు. మాట్లాడకూడదు. బల్ల మీద తూటాల్లో పోసే పౌడరు డబ్బా ఒక్కటి మాత్రమే ఉండాలి, రెండోది అలమర దాటి రాకూడదు. కళ్ళకి అద్దాలు తప్పనిసరి.

పని చెప్పడానికి తేలికే. కాల్చేసిన తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని కడిగి ఆరబెట్టాలి. కాల్చినప్పుడు అది కాస్త ఉబ్బుతుంది కాబట్టి అచ్చులో నొక్కి పాత కొలతకి తేవాలి. అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ళ కొత్తది పెట్టాలి, దాన్ని ప్రైమర్ అంటారు. మందు, అంటే ఆ పౌడరు, తూచి పోయాలి. పైన బుల్లెట్, అంటే ఎగిరి వెళ్ళే గుండు, కూర్చోబెట్టాలి. మందు ఎంత అన్నది తయారీదారు పుస్తకంలో ఉన్న కనిష్ఠం దగ్గర మొదలై, ఆ పుస్తకం గీసిన గీత దాటకుండా, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఎక్కడో ఒకచోట ఆ రైఫిల్‌కి నచ్చే మోతాదు దొరుకుతుంది. ప్రతి రైఫిల్‌కీ ఆ చోటు వేరు.

"మందే కదా ఆంటీ. డాక్టరు గారికి తెలిసిన సంగతే," అన్నాను ఒకరోజు, నవ్వించాలని.

"ఆయనకీ అదే చెప్పేదాన్ని. పక్కింటి పేషెంటుకి పనిచేసిందని నీ పేషెంటుకి ఇస్తావా అని."

మొదటి నెల నన్ను ఇత్తడి గొట్టాలు కడగడం, కొలవడం తప్ప ఏదీ ముట్టుకోనివ్వలేదు. పొడవు సరిపోనివి ఒక డబ్బాలో, మూతి దగ్గర మందం తేడా ఉన్నవి ఇంకో డబ్బాలో వేయించారు. వంద గొట్టాల్లో అరవై రెండు మిగిలాయి. వాటి నుంచి యాభై ఎంచి ఒక చెక్క పలకలో నిలబెట్టారు. ఆవిడ వేళ్ళు పనిచేస్తుంటే చూడడం నాకు ఇష్టంగా ఉండేది. తొందర ఉండదు, ఆగడమూ ఉండదు. త్రాసు ముల్లు స్థిరపడే వరకు ఊపిరి కూడా పక్కకి తిప్పి వదిలేవారు.

జూన్‌లో క్లబ్బు వాళ్ళ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాం. ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి, వంద మీటర్ల దూరంలోని కాగితం మీద ఒక్కో మోతాదుకీ మూడేసి గుళ్ళు కాల్చాలి. నా మొదటి కాగితం మీద మూడు చిల్లులూ అరచెయ్యంత మేర చెదిరి ఉన్నాయి. రెండోదీ అంతే. మూడోది ఇంకాస్త అధ్వాన్నం.

నేను టెస్టింగ్ మనిషినే అయినా ఓర్పు లేదు. "ఆంటీ, బుల్లెట్ మారుద్దాం. ప్రైమర్ కూడా ఇంకో రకం ట్రై చేద్దాం. పౌడరు డౌటుగా ఉంది," అన్నాను.

"మూడూ ఒకేసారి మార్చి బాగుపడితే, దేని వల్ల బాగుపడిందో నీకెలా తెలుస్తుంది?"

"తెలియకపోయినా బాగుపడితే చాలు కదా."

"ఈ సంవత్సరానికి చాలు. వచ్చే ఏడు ఆ ప్రైమర్ దొరక్కపోతే ఏం చేస్తావు?"

ఒకసారికి ఒక్కటే మారుస్తూ పోయాం. మందు మోతాదు పెంచాం, మళ్ళీ తగ్గించాం, బుల్లెట్‌ని వెంట్రుకవాసి లోపలికి కూర్చోబెట్టాం. ప్రతి కాగితం వెనకా తేదీ, ఉష్ణోగ్రత, గాలి ఎటు ఉందో రాసి పుస్తకంలో అంటించేవారు. జూలై సగానికి వచ్చినా నా చిల్లులు ఒక పద్ధతికి రాలేదు.

ఒక శనివారం ఆవిడే బెంచి ముందు కూర్చున్నారు. ఒక చేతి తువ్వాలు నాలుగు మడతలు వేసి స్వెట్టరు కింద భుజం మీద పెట్టుకున్నారు. ఈ రైఫిల్ వెనక్కి గట్టిగా తంతుంది, నా భుజమే సాయంత్రానికి నొప్పి పుట్టేది. ఆవిడ మూడు సార్లు కాల్చి, మళ్ళీ వెన్ను నిటారుగా పెట్టుకుని లేచారు. వెళ్ళి చూస్తే మూడు చిల్లులూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి. నేను పావుగంట క్రితం కాల్చి చెదరగొట్టిన తూటాలే అవి, అదే పెట్టెలోవి.

"ఇప్పుడు నువ్వు కూర్చో. తూటాలు నేను పెడతాను. నువ్వు వెనక్కి చూడకు."

మొదటిది కాల్చాను. రెండోది కాల్చాను. మూడోసారి ట్రిగ్గర్ నొక్కాను. చప్పుడు లేదు. టిక్ మని ఒక చిన్న శబ్దం, అంతే. కాని రైఫిల్ ముక్కు ఎవరో చేత్తో నొక్కినట్టు కిందికి దూకింది. నా భుజం ముందుకు తోసుకొచ్చింది. నా కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

ఆంటీ పెట్టింది మందూ ప్రైమరూ లేని ఉత్తుత్తి తూటా.

నా ముఖం వేడెక్కింది. నెలన్నర పైగా పౌడరుని, ప్రైమర్‌ని, వందేళ్ళ నాటి జర్మన్ కొలతని తిట్టుకుంటూ వచ్చాను. దెబ్బకి భయపడి, అది రాకముందే తుళ్ళిపడుతున్నది నేను.

"ఎప్పటినుంచి తెలుసు ఆంటీ మీకు?"

"రెండో శనివారం నుంచి అనుమానం."

"అప్పుడే చెప్పొచ్చు కదా."

"చెబితే నమ్ముతావా? నేనూ ఖాయంగా తెలుసుకోవాలి కదా. తూటా తప్పు కాదని తేలాక చెప్పాలి." నా పక్కన కూర్చుని, చెవులు కప్పే ఇయర్ మఫ్స్ మెడలోకి దించుకున్నారు. "సిగ్గుపడకు. బెదురు అందరికీ వస్తుంది. డాక్టరు గారికి యాభై ఏళ్ళప్పుడు వచ్చింది. నెల రోజులు ఖాళీ రైఫిల్‌తోనే ప్రాక్టీసు చేశారు."

రైఫిల్ అరువుగా ఇంటికి తెచ్చుకుని నేనూ నెల రోజులు అదే చేశాను. రోజూ పొద్దున ఆఫీసు మీటింగులకి ముందు, ఖాళీ అని రెండు సార్లు చూసుకుని, గోడ మీద ఒక చుక్క పెట్టి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం. రేంజ్‌లో ఆంటీ నిజం తూటాల మధ్య ఉత్తుత్తివి కలిపి ఇచ్చేవారు. ఆగస్టు చివరికి ఉత్తుత్తిది పడినప్పుడు రైఫిల్ ముక్కు కదలడం మానేసింది. అప్పుడు అసలు పరీక్ష మళ్ళీ మొదటినుంచి చేశాం. రెండు వారాల్లో ఆ రైఫిల్‌కి నచ్చే చోటు దొరికింది. మూడు చిల్లులు, వాటి మీద ఒక నిమ్మచెక్క పెడితే మూడూ కనబడవు. మర్నాడు కాల్చినా అంతే. చలి పడిన రోజు కాల్చినా అంతే. ఆంటీ ఆ కాగితాన్ని ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, "ఇది నీది," అన్నారు. అంతకంటే పొగడలేదు. ఆ వారమంతా ఆ రెండు మాటలే నాలో తిరిగాయి.

అక్టోబరులో మూస్ వేటకి ప్రభుత్వం తీసే లాటరీలో నాకు అనుమతి వచ్చింది. మూడు రోజుల ముందు ఆంటీ, నేను కూర్చుని యాభై తూటాలు తయారుచేశాం. నేను మందు తూచడం, ఆవిడ బుల్లెట్ కూర్చోబెట్టడం. మధ్యాహ్నానికి పెట్టె నిండింది. పని మొదట్లోనూ చివర్లోనూ త్రాసు మీద ఒక చిన్న ఇత్తడి తూనికరాయి పెట్టి చూడడం ఆవిడ అలవాటు. చివర పెట్టి చూస్తే ముల్లు ఆవగింజంత పక్కకి ఆగింది.

ఆవిడ రాయి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టారు. మళ్ళీ అక్కడే ఆగింది.

"మధ్యలో ఎప్పుడో త్రాసు కదిలింది," అన్నారు.

"ఎంత తేడా ఆంటీ?"

"చాలా కొంచెం. ప్రమాదం ఏమీ లేదు. వంద మీటర్లలో నీ వేలి వెడల్పు కూడా రాదు."

"అయితే పర్వాలేదు కదా. అంత తేడా మూస్‌కి ఏం తెలుస్తుంది?"

"మూస్‌కి తెలియదు. మనకి తెలుసు. ఏ తూటా నుంచి తప్పిందో తెలిస్తే అక్కడినుంచే తీసేవాళ్ళం. తెలియదు కాబట్టి యాభైనీ విప్పాలి."

తూటాని విప్పడానికి సుత్తిలాంటి ఒక ప్లాస్టిక్ పనిముట్టు ఉంటుంది. దానిలో తూటా బిగించి కొయ్యమొద్దు మీద కొడితే బుల్లెట్ ఊడి, మందు బయటికి వస్తుంది. ఒక్కో తూటాకి నాలుగైదు దెబ్బలు. ఆవిడ మణికట్టుకి అంతకు ముందు చలికాలమే మంచు మీద జారి దెబ్బ తగిలింది. నేను కొడతానంటే సగం మాత్రమే ఇచ్చారు. త్రాసుని సరిచేసి, తీసిన ప్రతి మందునీ తూచి రాశారు. ముప్ఫై ఒకటి వరకు సరిగ్గా ఉన్నాయి. ముప్ఫై రెండో దాని నుంచి తేడా. ఆ సమయానికి నేను కుర్చీ జరుపుకున్నానని, నా మోకాలు బల్ల కాలికి తగిలిందని నాకు గుర్తొచ్చింది. చెప్పాను. ఆవిడ అది కూడా పుస్తకంలో రాశారు, నా పేరు లేకుండా, "బల్ల కదిలింది" అని.

ఆ రాత్రికి యాభైనీ విప్పడంతో ఆపి, మర్నాడు పొద్దున వేటకి సరిపడా పది తూటాలు కొత్తగా చేశాం.

వేటలో మూడో రోజు తెల్లవారుతూ మెయింటెనెన్స్ ఆయన, నేను ఒక చిత్తడి నేల అంచున కూర్చుని ఉన్నాం. విల్లో పొదల్లోంచి మగ మూస్ ఒకటి బయటికి వచ్చి, మాకు పక్కవాటుగా నిలబడింది. నూట పది మీటర్లని ఆయన గుసగుసగా చెప్పాడు. నేను ఒక కూలిన చెట్టు మీద రైఫిల్ ఆనించాను. ట్రిగ్గర్ నొక్కుతున్నప్పుడు నా కళ్ళు తెరిచే ఉన్నాయి. దెబ్బ తగలడం చూశాను. అది నాలుగు అడుగులు వేసి, ముందు మోకాళ్ళ మీద వంగి, పక్కకి ఒరిగింది. మళ్ళీ లేవలేదు.

ఆదివారం ఆంటీ ఇంటికి వెళ్ళాను. మాంసం తీసుకెళ్ళలేదు, ఆ ఇంట్లోకి ఎలా తీసుకెళ్తాను. కాల్చిన ఒక్క ఇత్తడి గొట్టం, మిగిలిన తొమ్మిది తూటాలు తీసుకెళ్ళాను. ఆవిడ ఎంత పెద్దదని అడగలేదు, కొమ్ములు ఎంతని అడగలేదు.

"ఎంత సేపు బతికింది?"

"నాలుగు అడుగులు వేసింది ఆంటీ. నేను పది లెక్కపెట్టేలోపు అయిపోయింది."

ఆవిడ కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. మొదటిరోజు నేను అడగలేకపోయిన ప్రశ్నకి అప్పుడు తానుగా జవాబు చెప్పారు. పాతికేళ్ళ క్రితం డాక్టరు గారు షాపు తూటాలతో ఒక మూస్‌ని కొట్టారు. గుండు గుండెకి జానెడు వెనక పడింది. అది గాయంతో అడవిలోకి పోయింది. ఆయన ఒక రోజంతా వెతికారు, మర్నాడు సర్జరీలు వాయిదా వేసి మళ్ళీ వెళ్ళారు. రెండో రోజు సాయంత్రం దొరికింది. అప్పటికీ ప్రాణం ఉంది.

"ఇంటికొచ్చి రెండు రోజులు భోజనం చేయలేదాయన. నేను తినను, కాని తినేవాళ్ళని మానమని ఎప్పుడూ అనలేదు. ఆ రోజు మాత్రం అన్నాను. వెళ్ళడం మానేయండి, లేకపోతే ఇంకోసారి ఇలా కాకుండా చేద్దాం అని. ఆయన మానలేనన్నారు. నాకు కొలవడం వచ్చు. నాకు వచ్చింది అదే. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తెచ్చుకున్నాను."

"ఆ తర్వాత ఎప్పుడైనా..."

"పంతొమ్మిది కొట్టారు. ఒక్కటీ వందడుగులు దాటలేదు. రాసి పెట్టాను."

ఆ మాటల్లో గర్వం వినబడలేదు. మిల్లులో ఒక రిపోర్టు మీద సంతకం పెట్టినట్టు చెప్పారు. నాకు తెలిసిన చాలామంది జీవహింస గురించి పెద్ద పెద్ద మాటలు చెబుతారు. నేనూ చెప్పాను కొన్ని. ఆ బాధని తగ్గించడానికి పాతికేళ్ళు త్రాసు ముందు కూర్చున్న మనిషిని మాత్రం ఆవిడనొక్కరినే చూశాను.

ఆ రోజే అధికారులకి ఫోన్ చేసి నా లైసెన్సు నంబరు సరిచూసుకుని, కాగితాలు పూర్తిచేసి, అప్పటిదాకా అరువుగా వాడిన రైఫిల్‌ని నా పేరున నా చేతికిచ్చారు.

వసంతంలో ఒక సమస్య వచ్చింది. మేము వాడే పౌడరు కెనడాకి రావడం ఆగిపోయిందని షాపువాడు చెప్పాడు. ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో లేదో తెలియదన్నాడు. మా డబ్బాలో అడుగున రెండు గుప్పెళ్ళు మిగిలింది. ఒక సమ్మర్ అంతా పడిన శ్రమ, అంటించిన కాగితాలు, నిమ్మచెక్క కింద దాగిన మూడు చిల్లులు, అన్నీ పోయినట్టే అనిపించింది. ఆంటీకి ఈ సంగతి ఎలా చెప్పాలా అనుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను.

ఆవిడ విని, అద్దాలు తుడుచుకుని, షాపులో దొరుకుతున్నవి ఏమేం ఉన్నాయని అడిగారు. మూడు రకాలు చెప్పాను. పుస్తకం తీసి, ఈ కొలతకి వాటిలో రెండే పనికొస్తాయని వేలు పెట్టి చూపించారు. రెంటిలో చలికి తక్కువ మారేది ఏదో చూసి, దాని కింద పెన్సిలుతో గీత గీశారు.

"మళ్ళీ మొదటినుంచా ఆంటీ?"

"మొదటినుంచే. కాకపోతే ఈసారి నీకు బెదురు లేదు కదా, రెండు నెలలు కలిసొస్తాయి."

అలమరలోంచి కొత్త నోటు పుస్తకం తీసి మొదటి పేజీ మీద తేదీ వేశారు. తర్వాత దాన్ని నా వైపు జరిపి, కలం నాకిచ్చారు. ఈసారి రాయడం కూడా నన్నే నేర్చుకోమన్నారు.